ఆ త్రీనాట్‌త్రీ ఎవరిది?

కోదాడ, సూర్యాపేట దారిలో ఒకే రకం రైఫిల్ మూడు పక్షాల చేతుల్లో తిరిగింది. పోరాటాల మీద పుస్తకాలు వచ్చాయి, పాటలు వచ్చాయి. ఆ పోరాటాల్లో మోసిన ఆయుధాలు మాత్రం తుక్కులో కలిసిపోతున్నాయి. అరుదైన సైనిక రైఫిళ్ళను వెతికి, కాపాడి, వాటి మీది గుర్తులు చదివే విద్య మన ప్రాంతానికి ఎందుకు కావాలో చెప్పే కథనం.

1948 సెప్టెంబరు 13 ఉదయం ఎనిమిదిన్నరకల్లా భారత సైన్యం కోదాడలో ఉంది. విజయవాడ వైపు నుంచి జనరల్ ఏ.ఏ. రుద్ర నడిపించిన బలగం అది. వెంట గూర్ఖా రైఫిల్స్ బెటాలియన్, పూనా హార్స్ సాయుధ దళం, ఫిరంగుల బ్యాటరీ. ఎదురుగా నిజాం లాన్సర్లు హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ కార్లతో గట్టిగానే నిలబడ్డారు. మధ్యాహ్నానికి మునగాల, మర్నాటికి సూర్యాపేట. వెనక్కి తగ్గుతున్న నిజాం సేన మూసీ వంతెనను పేల్చేసింది కానీ దాని మీద కన్నేసి కాల్పులు జరిపేవాళ్ళను ఉంచలేదు. అందుకే వంతెన తొందరగా బాగైంది, సైన్యం నార్కట్‌పల్లి మీదుగా ముందుకు సాగింది. 17వ తేదీన నిజాం లొంగిపోయాడు.

ఈ నాలుగైదు రోజుల కథ మన జిల్లాల్లో చాలామందికి తెలుసు. కాస్త ఆగి ఆ సైనికుల చేతుల్లోకి చూస్తే ఇంకో కథ కనపడుతుంది. భారత పదాతి సైనికుడి చేతిలో ఉన్నది లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్, మనవాళ్ళందరికీ తెలిసిన త్రీనాట్‌త్రీ. బ్రిటిష్ వాళ్ళ పద్ధతిలో తర్ఫీదైన నిజాం సైనికుడి చేతిలోనూ అదే. వాళ్ళిద్దరి మీదా వేర్వేరు కాలాల్లో పోరాడిన కమ్యూనిస్టు దళాల దగ్గర, పోలీసుల నుంచీ సైనికుల నుంచీ లాక్కున్నవాటిలో ఉన్నదీ అదే. ఒకే నమూనా, ఒకే తూటా. పక్షాలు మూడు. ఈ రోజు ఆ కాలపు త్రీనాట్‌త్రీ ఒకటి మన ముందు పెడితే అది ఎవరి భుజాన వేలాడిందో చెప్పగలమా? చెప్పగలిగిన సందర్భాలు ఉన్నాయి. దానికి తుపాకీ మీది అక్షరాలు చెరిగిపోకుండా ఉండాలి, చదివేవాడు ఒకడు ఉండాలి.

పాత తుపాకులను వెతికి చదవడం ప్రపంచంలో ఒక పెద్ద వ్యాసంగం. సైన్యాలు ప్రయోగంగా కొన్ని చేయించి వద్దనుకున్న రైఫిళ్ళు, కొద్ది సంఖ్యలో తయారై ఆగిపోయిన నమూనాలు, ఒకదాన్ని ఇంకోదానిగా మార్చిన రకాలు: వీటిని వెతికి పట్టుకుని, తుప్పు వదిలించి, చరిత్ర రాసేవాళ్ళు అమెరికాలో, యూరప్‌లో వేలమంది ఉన్నారు. బ్రిటన్‌లో ఎన్‌ఫీల్డ్ కర్మాగారం వాళ్ళు నమూనాలన్నిటినీ భద్రం చేసిన గది ఒకటి ఉండేది. దాన్ని ప్యాటర్న్ రూమ్ అనేవారు. ఆ సంపదంతా ఇప్పుడు లీడ్స్ నగరంలోని రాయల్ ఆర్మరీస్ సంస్థ చేతిలో ఉంది. గెలిచిన తుపాకులతో పాటు ఓడిపోయిన తుపాకులకూ అక్కడ చోటు దొరికింది.

ఓడిపోయిన తుపాకులంటే ఏమిటో రెండు మూడు ఉదాహరణలు చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో న్యూజిలాండ్‌కి మెషిన్‌గన్లు కరువయ్యాయి. ఫిలిప్ చార్ల్‌టన్ అనే ఆయన గోదాముల్లో మూలుగుతున్న పాత లీ మెట్‌ఫర్డ్, లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళను తీసుకుని, వాటికి గ్యాస్‌తో నడిచే యంత్రాంగం తగిలించి ఆటోమేటిక్ తుపాకులుగా మార్చాడు. దాదాపు 1,500 తయారయ్యాయి. యుద్ధం అయ్యాక పామర్‌స్టన్ నార్త్ పట్టణంలోని గిడ్డంగికి నిప్పంటుకుని దాదాపు అన్నీ బూడిదయ్యాయి. మిగిలిన ఒకటీ అరా ఇప్పుడు మ్యూజియంల సొత్తు. 1951లో బ్రిటన్‌లో లేబర్ ప్రభుత్వం ఈఎం-2 అనే కొత్త తరహా రైఫిల్‌ను సైన్యానికి ఖాయం చేసింది. మాగజైన్ ట్రిగ్గర్ వెనక్కి వెళ్ళిన ఆ పొట్టి తుపాకీ కాలానికి చాలా ముందున్నది. అదే ఏడాది చర్చిల్ మళ్ళీ ప్రధాని అయ్యాడు, ఆ నిర్ణయం రద్దయింది. అమెరికావాళ్ళు 1918లో మామూలు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌లో బోల్ట్ తీసి ఇంకో యంత్రం దూర్చి, చిన్న తూటాలను గబగబా కాల్చే ఏర్పాటు ఒకటి రహస్యంగా చేయించారు. పెడర్సన్ డివైస్ అంటారు దాన్ని. 65 వేలు చేశారు, యుద్ధం ముగిసిపోయింది, కొన్నాళ్ళకి దాదాపు అన్నిటినీ తగలబెట్టారు. ఇవాళ ఒక్కటి దొరికితే సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకుంటారు.

ప్రయోగం చేసినవాళ్ళు తలకాయ పెట్టి ఆలోచించారు, డబ్బు తగలేశారు, చివరికి వద్దనుకున్నారు. ఎందుకు వద్దనుకున్నారన్నది వస్తువులోనే ఉంటుంది. కాగితాలు పోయినా ఇనుము చెబుతుంది. మన దేశానికీ అలాంటి ఇనుము ఉంది.

ఇషాపూర్ చేసిన ప్రయోగాలు

కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఇషాపూర్‌లో 1904లో రైఫిల్ కర్మాగారం పెట్టారు. అంతకుముందు అదే చోట తుపాకిమందు తయారయ్యేది. మన తాతల కాలం పోలీసులు, సైనికులు, ఎన్‌సీసీ కుర్రాళ్ళు మోసిన త్రీనాట్‌త్రీల్లో ఎక్కువ భాగం అక్కడివే. రైఫిల్ మెడ దగ్గర, అంటే మడమ కర్ర ఇనుములో దూరే చోట, కుడివైపు చూస్తే ముద్ర ఉంటుంది. పైన కిరీటం, కింద రాజు పేరు పొడి అక్షరాలు, ఆ కింద కర్మాగారం పేరు, సంవత్సరం, రకం. స్వాతంత్ర్యం తర్వాతివాటి మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. మాగజైన్ దగ్గర కర్రకి అడ్డంగా దిగిన మర ఒకటి కనిపిస్తే అది ఇక్కడి వాతావరణంలో కర్ర చీలిపోకుండా వేసిన కట్టుదిట్టమని అర్థం. విదేశీ సేకర్తలు దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. ముందు భాగం కర్ర మీద రాగి తీగ చుట్టి ఉంటే అది గ్రనేడ్ విసరడానికి కేటాయించిన రైఫిల్. గొట్టం పగిలినా ముక్కలు సైనికుడి మొహాన కొట్టకుండా ఆ చుట్టు కాపాడుతుంది. డీపీ అన్న అక్షరాలుంటే కవాతుకి తప్ప కాల్పులకి పనికిరాదని పక్కన పెట్టినది.

ఇషాపూర్ తుపాకుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఫోర్‌టెన్ మస్కెట్. చూడ్డానికి అచ్చంగా త్రీనాట్‌త్రీ. గొట్టం లోపల మాత్రం నున్నగా ఉంటుంది. తూటాను గిరగిరా తిప్పి గురి నిలబెట్టే మెలిక గాడులు ఉండవు. మాగజైన్‌లో చెక్కముక్క బిగించేసి ఉంటుంది. ఒకసారికి ఒక్క తూటా, దాన్నీ చేత్తో పెట్టుకోవాలి. వలస ప్రభుత్వం వీటిని పోలీసులకి, జైలు కాపలావాళ్ళకి ఇచ్చింది. త్రీనాట్‌త్రీ తూటా ఇందులో పనికిరాదు, దీని తూటా ఇంకెందులోనూ పనికిరాదు. ఎవరైనా లాక్కుపోయినా, కాపలావాడే ఎదురు తిరిగినా ఆ తుపాకీతో ఎక్కువ దూరం పోలేడు. అంత మంచి రైఫిల్‌ని పని కట్టుకుని కుంటిదాన్ని చేశారు.

దీని మూలం 1857లో ఉంది. సిపాయిల తిరుగుబాటు అణిచాక బ్రిటిష్‌వాళ్ళు దేశీయ పటాలాలకి కొత్త రైఫిళ్ళు ఇవ్వడం మానేశారు. ఎన్‌ఫీల్డ్ గొట్టాలనే లోపల నున్నగా తొలిపించిన మస్కెట్లు చేయించి వాటినిచ్చారు. తెల్ల సైనికుడి తుపాకీ కంటే దేశీ సైనికుడి తుపాకీ ఒక మెట్టు కింద ఉండాలన్నది అప్పటి విధానం. ఆ విధానం గురించి ఎన్ని పేజీలు చదివినా రానంత కోపం, ఆ నున్నటి గొట్టంలోకి వెలుతురు వేసి చూస్తే వస్తుంది. అందుకే అలాంటి తుపాకీ ఒక్కటి మిగిలినా భద్రంగా ఉంచాలంటున్నాను.

స్వతంత్ర భారతం చేసిన ప్రయోగం వేరే రకం. 1962లో చైనాతో యుద్ధం వచ్చేనాటికి మన సైనికుడి దగ్గర త్రీనాట్‌త్రీయే ఉంది. 7.62 మిల్లీమీటర్ల కొత్త తూటాకి మారాలని, తనంతట తానే తూటా ఎక్కించుకునే ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ తయారు చేసుకోవాలని సైన్యం తొందరపడింది. సరిపడా ఎస్‌ఎల్‌ఆర్‌లు చేతికి వచ్చేలోగా ఇషాపూర్ ఇంజనీర్లు పాత త్రీనాట్‌త్రీ ఒంట్లోకే కొత్త తూటాను ఎక్కించారు. కొత్త తూటా ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఇనుము మార్చి గట్టి ఉక్కు వాడారు. వాలుగా ఉండే పాత మాగజైన్ స్థానంలో పన్నెండు తూటాలు పట్టే నలుచదరపు మాగజైన్ పెట్టారు. ముందు వచ్చిన రకానికి 2ఏ అని పేరు. దాని వెనక సైటు మీద 2,000 మీటర్ల దాకా అంకెలుండేవి. అంత దూరం గురి చూసి కొట్టే సిపాయి ఎవడూ ఉండడు. తర్వాతి 2ఏ1లో 800కి తగ్గించారు. ఒక దేశపు మామూలు పదాతిదళం కోసం రూపొందిన చివరి బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగాల్సిన) రైఫిల్ ఇదేనని ఆయుధ చరిత్రకారులు అంటారు. ఇబ్బంది ముంచుకొచ్చినప్పుడు ఉన్నదాంతోనే గట్టెక్కించిన ఆ పనితనం మీద నాకు గౌరవం. పేరు తెలియని ఫిట్టర్లు, టర్నర్లు చేసిన పని అది.

ఆ వరసలో తర్వాతిది ఇన్సాస్ రైఫిల్. పుణెలోని ప్రభుత్వ ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ దాన్ని రూపొందించింది. 1998 గణతంత్ర దినోత్సవ కవాతులో జనానికి చూపించారు. మరుసటి ఏడు కార్గిల్ చలికి దాని ప్లాస్టిక్ మాగజైన్లు పగిలాయని ఫిర్యాదులు వచ్చాయి. ఇక మన హైదరాబాద్ దాకా వచ్చిన తాజా ప్రయోగం ఉగ్రమ్. ఏఆర్‌డీఈ, హైదరాబాద్‌లోని ద్వీపా ఆర్మర్ సంస్థ కలిసి వంద రోజుల లోపే నమూనా తయారు చేసి 2024 జనవరి 8న బయటపెట్టాయి. 7.62 తూటా, ఇరవై తూటాల మాగజైన్, బరువు నాలుగు కిలోల లోపు, 500 మీటర్ల దాకా పనిచేసే గురి. అది రేపు సైన్యంలో చేరుతుందా లేదా అన్నది వేరే సంగతి. ఆ వంద రోజుల్లో చేసి, పరీక్షించి, పక్కన పడేసిన ముక్కలన్నీ ఇప్పుడే ఎత్తిపెట్టాలి. యాభై ఏళ్ళ తర్వాత ఎవరో వెతుక్కునే స్థితి రాకూడదు.

వడిసెల నుంచి రైఫిల్ దాకా

తిరిగి మన మట్టి మీదికి వద్దాం. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకి ఒరిగిపోయేనాటికి జనం చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలు. ఆ ఏడాది చివరికి పాత సూర్యాపేట, బాలెంల, హుజూర్‌నగర్ తాలూకా మల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ళలో పోలీసుల మీదికి, సైన్యం మీదికి జనం వాటితోనే వెళ్ళారు. ఆడవాళ్ళు రోకళ్ళు, కారం పట్టుకుని నిలబడ్డారు. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. అప్పటి నుంచి దళాలకి తుపాకులు సమకూర్చుకోవడమే పెద్ద పని అయింది. దొరల గడీల్లోని వేట తుపాకులు, మూతి నుంచి మందు కూరే భరమార్లు ముందు చేతికొచ్చాయి. తర్వాత పోలీసు క్యాంపుల నుంచి త్రీనాట్‌త్రీలు, స్టెన్‌గన్లు.

అవతల పక్షం దగ్గర కూడా అన్నీ కొత్త ఆయుధాలేం లేవు. నిజాం తరఫున పోరాడిన రజాకార్లు రెండు లక్షల మంది ఉన్నారని అప్పటి అంచనా. అందులో నాలుగో వంతు మందికే ఆధునిక తుపాకులుండేవి. మిగతా అందరివీ భరమార్లు, కత్తులు. నిజాం ప్రభుత్వం ఆయుధాల కోసం ఎంత తిప్పలు పడిందంటే సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్‌ని పెట్టుకుని 1948లో కరాచీ నుంచి రాత్రిళ్ళు విమానాల్లో తెప్పించుకుంది. ఒకప్పుడు ఇదే హైదరాబాద్‌లో, 1795లో, ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోతపోయించాడు. గన్‌ఫౌండ్రీ అన్న పేరు బస్టాపుకి మిగిలింది.

సూర్యాపేట తాలూకా కరివిరాలలో పుట్టిన భీమిరెడ్డి నర్సింహారెడ్డి దళాలు నడిపాడు. ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం పదహారేళ్ళ వయసు నాటికే ఆయుధం పట్టింది. ఆమె తలకి నిజాం ప్రభుత్వం పదివేల రూపాయల వెల కట్టింది. ముగ్గురు ఆడవాళ్ళు రైఫిళ్ళతో నిలబడ్డ నలుపు తెలుపు ఫొటో ఇప్పటికీ సభల్లో, పోస్టర్లలో కనిపిస్తూనే ఉంటుంది. స్వరాజ్యం ఆత్మకథకి పెట్టిన పేరు ‘నా మాటే తుపాకీ తూటా’. 2022 మార్చిలో ఆమె, అంతకు చాలా ముందే 2008లో ఆయన వెళ్ళిపోయారు. ఫొటో ఉంది, పుస్తకం ఉంది, మనిషి గొంతు రికార్డుల్లో ఉంది. ఆ చేతుల్లోని రైఫిళ్ళు ఏమయ్యాయి? వాటి నంబర్లేమిటి, ఎక్కడ తయారయ్యాయి, ఎవరి దగ్గర నుంచి వచ్చాయి? ఈ ప్రశ్న మనం అడగలేదు. అడగాల్సినవాళ్ళు బతికున్నప్పుడు అడగలేదు.

మునగాల సంగతి మరీ విచిత్రం. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మునగాల పరగణా మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాది. నడిగూడెం కోటలో జమీందారు. 1959లో గానీ అది నల్లగొండ జిల్లాలో కలవలేదు. అంటే ఒక ఊళ్ళో తుపాకీ లైసెన్సు ఒక సర్కారు చట్టం కింద, పొలం గట్టు దాటితే ఇంకో సర్కారు చట్టం కింద. ఆ పరగణాలోని ఏ పాత ఇంట్లోనైనా భరమారు లైసెన్సు కాగితం మిగిలి ఉంటే, దాని మీద మద్రాసు ముద్ర ఉందా, హైదరాబాద్ ముద్ర ఉందా అన్నదే ఒక చరిత్ర పాఠం. కాగితం విడిగా, తుపాకీ విడిగా పోతే రెండూ మూగవవుతాయి.

భరమార్ల గురించి ఇంకో మాట. దక్కన్ పల్లెల్లో ఇవి చాలాకాలం పంట కాపలాకి బతికాయి. అడవిపందుల మీదికి, కోతుల మీదికి. ఇప్పటి ఆయుధ చట్టం కూడా పంట రక్షణ కోసం మూతి నుంచి కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఉంచింది. పేల్చే గుర్రం (సుత్తి లాంటి భాగం) అరిగినా, కర్ర విరిగినా ఊరి కమ్మరి, వడ్రంగి బాగు చేసేవాళ్ళు. అందుకే ఏ రెండు భరమార్లూ ఒక్కలా ఉండవు. ఒకదాని గొట్టం ఎక్కడిదో, కర్ర ఊరి చెట్టుది, కట్లు ఇత్తడి చెంబు రేకువి. కర్మాగారంలో ప్రయోగం చేసినవాళ్ళకి నమూనా గది ఉంటుంది. కొలిమి దగ్గర ప్రయోగం చేసినవాడికి ఏమీ లేదు. అరుదైన తుపాకీ అంటే నా లెక్కలో ముందు వరసలో ఉండాల్సినవి ఇవి.

తుప్పు వదిలించడంలో ఉన్న వివేకం

పాత తుపాకీ దొరికితే మనవాళ్ళు చేసే మొదటి పని ఎమ్రీ పేపర్‌తో రుద్దడం. ఎంత మెరిస్తే అంత గొప్ప అనుకుంటారు. అక్కడే ముద్రలు, నంబర్లు, కర్మాగారం పూసిన నల్లరంగు అన్నీ పొడిగా రాలిపోతాయి. పునరుద్ధరణ తెలిసినవాడు మొదటి రోజు తుపాకీని అసలు శుభ్రమే చేయడు. చూస్తాడు, ఫొటోలు తీస్తాడు, కొలతలు రాసుకుంటాడు.

దానికీ ముందు ఒకటుంది: లోడై ఉందా అని చూడటం. వందేళ్ళ నాటి భరమారులో కూడా మందు కూరి ఉండే అవకాశం ఉంది. తెలిసినవాళ్ళు సన్నటి చెక్క పుల్లను మూతిలోంచి నెమ్మదిగా అడుగుదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూస్తారు. నిప్పు రంధ్రం దాకా పుల్ల రాకుండా మధ్యలోనే ఆగితే లోపల ఏదో ఉన్నట్టే. అప్పుడిక అది ఇంట్లోవాళ్ళ పని కాదు, పోలీసుల బాంబు నిపుణుల పని.

త్రీనాట్‌త్రీ అయితే గొట్టం లోపల ఎందుకంత తుప్పు పడుతుందో తెలుసుకోవాలి. పాత తూటాల అడుగున నిప్పు రాజేసే మందులో పొటాషియం క్లోరేటు ఉండేది. పేలాక అది ఉప్పుగా మారి గొట్టంలో అంటుకునేది. ఆ ఉప్పు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నూనె రాస్తే ఉప్పు కరగదు, నీళ్ళకే కరుగుతుంది. అందుకే సిపాయిలు కాల్పులయ్యాక గొట్టంలో గరాటు పెట్టి మరిగే నీళ్ళు పోసేవాళ్ళు. వేడికి ఇనుము తడి తానే ఆర్చుకునేది, ఆ తర్వాత నూనె గుడ్డ. నీళ్ళు పోయని రైఫిల్ గొట్టంలో చిన్న చిన్న గుంటలు పడతాయి. గుంటలు పడిన గొట్టం చెడిపోయిన వస్తువేం కాదు. వాడినవాళ్ళకి నీళ్ళు కాచుకునే తీరిక దొరకలేదని చెప్పే ఆధారం. అడవుల్లో తిరిగిన దళం దగ్గరి రైఫిల్‌కీ, క్యాంపులో ఉన్న సిపాయి రైఫిల్‌కీ తేడా కొంతైనా అక్కడే కనపడుతుంది.

లీ ఎన్‌ఫీల్డ్‌లో ఒకే నంబరును బోల్ట్ మీద, శరీరం మీద, గొట్టం మీద, మూతి తొడుగు మీద వేసేవాళ్ళు. అన్నీ కలిస్తే పుట్టినప్పటి జంట చెదరలేదని అర్థం. విదేశీ మార్కెట్లో అలాంటివాటికి ధర ఎక్కువ. ఆ ధర కోసం కొందరు పాత నంబర్లు గీకేసి కొత్తవి కొడతారు. ఇది దొంగతనం కిందే లెక్క. నంబర్లు కలవని రైఫిల్ విరిగింది, బాగైంది, ఇంకొకదాని ముక్క తెచ్చుకుని మళ్ళీ నడిచింది. ఆ సంగతిని చెరిపేయడానికి ఎవరికీ హక్కు లేదు.

మామూలు ఎర్రతుప్పుకి పలచటి నూనె, మెత్తటి కంచు పీచు, బోలెడంత ఓపిక చాలు. అక్రోటు కర్రకి అవిసె నూనె కొద్దికొద్దిగా. మ్యూజియంల్లో ఆ పైన పలచగా మైనం పూస్తారు. బ్రిటిష్ మ్యూజియంలో తయారైన ఒక రకం మైనం ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. చేతులకి తొడుగులు తప్పనిసరి, వేలి చెమట చాలు ఇనుము మీద ముద్ర పడటానికి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ నేలల్లో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తడి ఉంటుంది. ఇక్కడ ఏ ఆయుధాన్నైనా ఉంచాలంటే తేమ తగ్గించే యంత్రం ఉన్న అద్దాల బీరువా కావాలి. పోలీస్ స్టేషన్ మాల్‌ఖానాలో (పట్టుబడ్డ వస్తువుల గదిలో) గోనెసంచి చుట్టి ఉంచితే చాలదు.

చట్టం మాట

మన దేశంలో ఇది ఎవరిష్టం వచ్చినట్టు వారు చేసుకునే సరదా కాదు, కాకూడదు కూడా. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. త్రీనాట్‌త్రీ, 7.62, నైన్ ఎంఎం లాంటి సైనిక తూటాల తుపాకులు నిషిద్ధ రకాల్లోకి వస్తాయి. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితి రెండుకి తగ్గింది. ఒక విచిత్రం చూడండి: ఇషాపూర్‌లో పుట్టిన 2ఏ1 రైఫిళ్ళు మిగులు సరుకుగా అమెరికాకి ఎగుమతై అక్కడి దుకాణాల్లో అమ్ముడయ్యాయి. గ్రీన్‌కార్డు ఉన్న సూర్యాపేట కుర్రాడు అక్కడి చాలా రాష్ట్రాల్లో దాన్ని చట్టబద్ధంగా కొని, బాగు చేసుకుని, గోడకి తగిలించుకోవచ్చు. సూర్యాపేటలోని అతని అన్నకి ఆ వీలు లేదు. అన్నకి తుపాకీ ఇమ్మని నేననను. ఆ రైఫిల్‌ని కళ్ళారా చూసే చోటు ఒకటి అతనికి ఉండాలని అంటున్నాను.

దారి చట్టంలోనే ఉంది. బాగు చేసినా చేయకపోయినా ఇక పేల్చడానికి పనికిరాని, పాత నమూనా లేదా పురాతన విలువ ఉన్న ఆయుధాలకి ఆ చట్టం వర్తించదని 45వ సెక్షన్ చెబుతుంది. పేలకుండా చేసి, రాతకోతలు పూర్తి చేసి, ప్రభుత్వ మ్యూజియం చేతికిస్తే ప్రమాదం లేదు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం కత్తులు, పాత తుపాకులు భద్రపరిచి చూపిస్తూనే ఉంది. అవి నవాబుల సేకరణ. జనం మోసిన ఆయుధాలకీ అలాంటి గది కావాలి, అది సూర్యాపేటలోనో సాగర్‌లోనో ఉంటే ఇంకా బాగుంటుంది.

సాగర్ అని ఊరికే అనలేదు. డ్యామ్ కట్టడానికి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని తెలిసి పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వింది. కట్టడాలను విప్పి పైకి చేర్చి, కొండ మీద, అనుపు దగ్గర మళ్ళీ నిలబెట్టింది. ఆ శ్రద్ధ వల్లనే ఇవాళ లాంచీ ఎక్కి వెళ్ళి ఇక్ష్వాకుల కాలాన్ని చూడగలుగుతున్నాం. నీళ్ళు వస్తున్నాయంటే పదిహేడు వందల ఏళ్ళ నాటి రాళ్ళని కాపాడుకున్న ఊరివాళ్ళం, డెబ్బై ఎనభై ఏళ్ళ నాటి ఇనుముని కాపాడుకోలేమా? ముంపు ఇక్కడా ఉంది. కోర్టు కేసు ముగిసిన ఆయుధం ధ్వంసానికి వెళ్తుంది. 2020 గణతంత్ర దినోత్సవంతో ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీకి సెలవిచ్చారు. మిగతా రాష్ట్రాల ఆయుధాగారాల్లోనూ వాటి కాలం అయిపోతోంది. కరిగించేముందు ఒక్కొక్కదాని ముద్ర, నంబరు, కొలత, ఫొటో నమోదు చేసి, అరుదైనవాటిని పక్కకి తీయమని పోలీసు శాఖకీ పురావస్తు శాఖకీ మధ్య ఒక ఒప్పందం కుదిరితే చాలు. పెద్ద ఖర్చు కాదు. తుపాకీ మెడ దగ్గర ఏం చూడాలో తెలిసిన నలుగురికి తర్ఫీదు ఇవ్వాలి, అంతే.

ఇళ్ళలో ఉన్నవాళ్ళకి ఒక మాట. అటక మీద, గడీ గోడల్లో, పాత పెట్టెలో తుపాకీ దొరికితే కదపకండి, మూతి వైపు నిలబడకండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. స్టేషన్‌కి ఫోన్ చేయండి. తాతగారి లైసెన్సు ఉంటే వారసులు దాన్ని దాచిపెట్టకుండా దగ్గరి స్టేషన్లోనో లైసెన్సున్న ఆయుధాల దుకాణంలోనో జమ చేయాలని ఆయుధ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. జమ చేసేటప్పుడు రసీదు అడగండి, రసీదులో తుపాకీ రకం, నంబరు, మీద ఉన్న ముద్రలు వివరంగా రాయించండి. ‘పాత తుపాకీ ఒకటి’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ఆ సాయంత్రమే ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అది ఎవరిది, ఎలా వచ్చింది, ఎప్పుడైనా పేల్చారా, ఎవరి మీద అన్నది వాళ్ళ మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ రికార్డు, ఆ రసీదు, లైసెన్సు కాగితం నకలు ఒకే కవరులో పెట్టి, పైన తుపాకీ నంబరు రాయండి.